ఇరవై ఏడో నంబరు పుట్ట

తెలివితక్కువ పని చెయ్యడానికి తెలివి లేకపోతే సరిపోదండీ. కొంచెం చదువుండాలి, ఒక ఉద్యోగముండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా "నాకు తెలుసులే" అనే గొంతుండాలి. నా ఇరవై ఎనిమిదో ఏట ఈ మూడూ నా దగ్గర పుష్కలంగా ఉండేవి. వాటి పుణ్యమా అని ఒక నాగుల చవితి నాడు మా నాయనమ్మను, చిన్నాన్నను, మూడు కోడిగుడ్లను, అర సీసా పాలను పడవెక్కించి తీసుకెళ్ళి, ప్రభుత్వం కంటికి రెప్పలా కాచుకుంటున్న ఒక జీవి ఇంటి మీద పోశాను. నాయనమ్మను కాదు, పాలను. ఆ కథే ఇది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు, మా ఇంట్లో వాళ్ళు నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

మాది సుంగై పెటాని, తాతల కాలంలో మావాళ్ళు ఓడెక్కి వచ్చి స్థిరపడిన మలయ్ దేశపు ఊరు. నేను చేతి తొడుగుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. తొడుగులో గాలి నింపి, సూదిమొనంత కన్నం కనబడినా "రిజెక్ట్" అని పక్కన పారేయడం నా పని. అంత చిన్న కన్నాన్ని పట్టుకునే కళ్ళు నావి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

ఇక మా నాయనమ్మ సంగతి. మా నాన్న చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు చెవి కారి, కారి, ఏ మందుకూ తగ్గలేదట. అప్పుడావిడ రబ్బరు తోట చివర ఉన్న పుట్ట దగ్గరకెళ్ళి, "నాగరాజా, నా కొడుక్కి సెవులు బాగుసెయ్యి, నాను బతికున్నన్నాళ్ళూ సవితికి పాలు పోస్తాను" అని మొక్కుకుందట. చెవులు బాగయ్యాయి. అప్పటినుంచి దీపావళి వెళ్ళిన నాలుగో నాడు పుట్టలో పాలు పొయ్యడం, గుడ్లు వెయ్యడం, పుట్టమన్ను అందరి చెవులకూ రాయడం ఒక్క ఏడూ తప్పలేదు. జ్వరమొచ్చినా తప్పలేదు, వరదొచ్చినా తప్పలేదు. ఈ మధ్య మా నాన్నకు మా అమ్మ మాటలు సరిగా వినబడటం లేదు గాని, దానికీ పుట్టకూ సంబంధం లేదని మా అందరికీ తెలుసు.

ఆ ఏడు తోటను ఇళ్ళ స్థలాల వాళ్ళు కొన్నారు. బుల్‌డోజర్ వచ్చింది. చెట్లతో పాటు పుట్టా పోయింది. దీపావళి పది రోజులుందనగా నాయనమ్మ వరండాలో కూర్చుని, "ఈ ఏడు సవితెలాగో" అంది. టైర్ల షాపు నడిపే మా చిన్నాన్న టీ తాగుతూ, "పుట్ట లేకపోతే ఏటమ్మా, గిన్నెలో పోసీ. నాగరాజు ఈకాలంలో అడ్జస్ట్ అయిపోతాడు లా" అన్నాడు. మాట చివర "లా" తగిలించడం ఇక్కడి అలవాటు.

నాయనమ్మ మొహం వాడిపోయింది. నేను వెంటనే ఛాతీ విరుచుకుని, "నువ్వు బెంగ పెట్టుకోకు. నీ సవితి తప్పిపోకుండా నాను చూస్తాను. పుట్ట నాను ఎతుకుతాను" అన్నాను.

"నువ్వా?" అన్నాడు చిన్నాన్న. "చెప్పుల జత ఎతకడానికి ఇంట్లో ముగ్గుర్ని లేపుతావు."

"సూడు, చూపిస్తాను."

నాయనమ్మ నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. "నువ్వేటీ సెప్పకు, అంతా నాకొదిలీ." ఆ చెయ్యి ఎత్తకుండా ఉంటే ఈ కథే లేదు.

మా ఫ్యాక్టరీలో ఒకడిది జాలర్ల ఊరు. వాడు ఒక సముద్రతీరం గురించి చెబుతుండేవాడు. రోడ్డు లేదు, పడవలో పోవాలి. హోటల్ లేదు, ఐస్‌క్రీమ్ బండి లేదు, సెల్‌ఫోను సిగ్నల్ కూడా లేదు. ఒడ్డునే వెయ్యేళ్ళనాటి ఇటుకల కట్టడమొకటి, మోకాలెత్తు గోడలు మిగిలి ఉందట. సముద్రం అవతల మన దేశం నుంచి ఓడల్లో వచ్చిన వర్తకులు కట్టుకున్న గుడి అంటారట. గుడంటే చాలు, నా బుర్ర పరుగెత్తింది. గుడి ఉన్నచోట పుట్ట లేకుండా ఉంటుందా? ఆ ఆదివారమే వెళ్ళాను.

ఏం చెప్పమంటారు! తెల్లటి ఇసుక, నాచు పట్టిన ఇటుకలు, పైన సరుగుడు చెట్లలో కిచకిచలాడుతూ తిరిగే నల్ల కోతులు. మనిషి చెయ్యి పడని చోటంటే ఇదే అనుకున్నాను. నా చెయ్యి పడబోతోందని ఆ చోటుకు తెలియదు పాపం. గోడకు పది అడుగుల దూరంలో, చెట్ల నీడలో ఇసుక గుట్టగా లేచి ఉంది. గుట్ట పక్కన ఒక కన్నం. సముద్రంలోంచి ఆ గుట్ట దాకా ఒక జాడ! లారీ టైరంత వెడల్పు, వంకర్లు తిరిగి, రెండు పక్కలా తెడ్లు వేసినట్టు గీతలు. ఇన్‌స్పెక్టర్ని కదా, నిలబడి పరిశీలించి తీర్పు చెప్పేశాను. ఇది మామూలు పాము కాదు, కొబ్బరి మానంత లావు నాగరాజు. సముద్రస్నానం చేసి పుట్టలోకి వెళ్ళాడు. మరి పక్కనున్న గీతలేమిటంటారా? వెంట పిల్ల పాములు నడిచాయి అనుకున్నాను. బాలవాడి పిల్లను అడిగినా ఆ జాడ ఎవరిదో చెప్పేది. డిగ్రీ ఉన్నవాణ్ణి నేనెందుకడుగుతాను? తా పట్టిన పాముకు తెడ్లే కాళ్ళు.

చవితి నాడు తెల్లవారి ఏడింటికి బయల్దేరాం. కారెక్కేటప్పుడు చూస్తే నాయనమ్మ చెప్పులకు ఎర్రమట్టి. "పూలు కోసుకొచ్చినాను" అంది. పాలవాడు నిండు సీసా ఇచ్చినట్టు గుర్తు, అది సగమే ఉంది. చిన్నాన్న కాఫీ తాగేసి ఉంటాడనుకున్నాను. రాత్రి నేను గంపలో పెట్టిన గుడ్లు అయిదు, ఇప్పుడు మూడు. దారిలో పగిలి ఉంటాయనుకున్నాను, మేమింకా బయల్దేరనేలేదు. సూదిమొనంత కన్నాన్ని పట్టుకునే కళ్ళండీ ఇవి!

పడవ వాడు "బోర్డు ఉన్న వైపు దింపమంటారా?" అన్నాడు. "అక్కర్లేదు, ఇటుకల వైపు దింపు, నాకు దారి తెలుసు" అన్నాను. దింపాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నాయనమ్మను వీపు మీదెక్కించుకుని ఒడ్డుకు మోశాను. ఆవిడ నా భుజం మీంచి సముద్రం చూస్తూ, "ఓలమ్మ, ఎంత నీరురా!" అని చిన్నపిల్లలా నవ్వింది. నాకు గర్వంతో గుండె తొడుగులా ఉబ్బింది.

వారంలో పుట్టకు హంగులు పెరిగాయి. చుట్టూ నాలుగు కర్రలు పాతి ఉన్నాయి. వాటికి ఎర్ర రిబ్బను చుట్టి ఉంది. ఒక కర్ర మీద "27" అని రాసి ఉంది.

"ఇదేటిరా?" అన్నాడు చిన్నాన్న.

"మనకన్నా ముందు ఎవరో పూజ సేసి ఎర్రగుడ్డ కట్టినారు. సూసినావా, ఎంత మహిమ గల పుట్టో!"

"మరి ఇరవై ఏడు?"

"నక్షత్రాలు ఇరవై ఏడు కాదేటి?" అన్నాను తడుముకోకుండా. అబద్ధం చెప్పడానికైనా కాస్త ఆలోచించాలి. అజ్ఞానానికి ఆ ఇబ్బంది లేదు, అది గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుంది.

నాయనమ్మ గుట్టను అటూ ఇటూ చూసింది. "పుట్టంటే సెదలు మట్టితో కడతాయిరా. ఇసకతో పుట్టేటి?"

"ఒడ్డున మట్టెక్కడుంటాది నాయనమ్మా? ఏ ఊరి పుట్ట ఆ ఊరి సరుకుతోనే."

ఆవిడ నా వంక ఒక్క నిమిషం చూసింది. సముద్రం వంక చూసింది. "సరే, నువ్వన్నావంటే అలగే" అంది. ఆవిడ మడతకుర్చీని పక్కనే ఉన్న ఒక పెద్ద చెక్కకు చేరేసి వేశాను. రెండు గుంజల మీద నిలబెట్టిన చెక్క అది. మా వైపు ఏమీ రాసిలేదు. దానికే సంచీ తగిలించాను, చిన్నాన్న తడిసిన లుంగీ ఆరేశాడు.

పూజ మొదలైంది. కర్రలకు పసుపు, కుంకుమ. రిబ్బనుకు బంతిపూలు. అగరొత్తులు గుచ్చాను. కన్నం చిన్నదిగా ఉందని పుల్లతో కెలికి పెద్దది చేశాను. మూడు గుడ్లూ ఒకదాని వెనక ఒకటి లోపలికి దొర్లించాను. నాయనమ్మ ఉద్ధరిణెడు పాలు పోసి దండం పెట్టుకుంది. మిగతా సీసా అంతా భక్తి పొంగి నేను బోర్లించాను. చలిమిడి పెట్టాను. ఇసుక తీసి అందరి చెవులకూ రాశాను. నాయనమ్మ చెవి తమ్మెలకు అప్పటికే ఎర్రగా ఏదో అంటి ఉంది. కుంకుమ కాబోలనుకుని దాని మీదే ఇసుక పులిమాను.

చిమ్మిలి ఉండలు తింటూ కూర్చున్నాం. నేను నాయనమ్మకు చరిత్ర చెబుతున్నాను. "వెయ్యేళ్ళ కిందట మనోళ్ళు ఓడల్లో వచ్చి ఇది కట్టినారు. అప్పట్నుంచి నాగరాజు ఇక్కడే కాపలా ఉన్నాడు."

"వెయ్యేళ్ళూ పాలు లేకుండానే ఉన్నాడేటి?" అన్నాడు చిన్నాన్న. "మంచి ఓపిక లా."

అప్పుడు చెట్ల మధ్యలోంచి ఖాకీ చొక్కా వేసుకున్న ఒక నడివయసు మనిషి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రిజిస్టరు. పూలు, అగరొత్తులు, కుంకుమ, చెవులకు ఇసుక పూసుకున్న ముగ్గురు మనుషులు. అతను టోపీ తీసి గుండెకు ఆనించుకుని, మలయ్‌లో చాలా మెల్లగా అడిగాడు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు ఎంచిక్" అన్నాను. ఎంచిక్ అంటే అయ్యగారు.

"మరి ఇందులో ఎవర్ని పెట్టారు?"

"మేం పెట్టలేదు. ఆయనే ఉంటున్నాడు."

"ఎవరు?"

"నాగరాజు. పెద్ద పాము. నేను జాడ చూశాను."

"ఎంత వెడల్పు?"

చేతులు చాపి చూపించాను. గర్వంగానే చూపించాను.

అతను టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "రెండు పక్కలా గీతలున్నాయా?"

"ఉన్నాయి! మీరూ చూశారా?"

"ఆ పాముకు నాలుగు చేతులున్నాయి. వీపు మీద చిప్ప కూడా ఉంది" అన్నాడు. "ఇలా రా తమ్ముడూ." నా మోచెయ్యి పట్టుకుని, నాయనమ్మ కుర్చీ చేరేసిన చెక్క చుట్టూ తిప్పి, అవతలి వైపు నిలబెట్టాడు. అంతవరకూ మేము చూసింది బోర్డు వీపు. మొహం వైపు తాబేలు బొమ్మ ఉంది, నా అంత ఎత్తున. కింద నాలుగు భాషల్లో, తమిళంతో సహా, ఇది సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు, ముట్టుకోవడం నేరం అని రాసి ఉంది. తాబేలు కళ్ళ మీద మా చిన్నాన్న లుంగీ అంచు వేలాడుతోంది.

"చదవడం వచ్చా?" అన్నాడు.

"వచ్చు."

"లోపల ఏం వేశావు?"

"పాలు."

"ఇంకా?"

"చలిమిడి… అంటే, బియ్యప్పిండి, బెల్లం."

"ఇంకా?"

"గుడ్లు."

"ఏం గుడ్లు?"

"కోడివి."

ఆ ఆఫీసరు పేరు రోస్లాన్ అట. ఇన్నేళ్ళలో గుడ్లు ఎత్తుకుపోయేవాళ్ళను పట్టుకున్నాడట గాని, తెచ్చి వేసేవాడు దొరకడం ఇదే మొదటిసారి అన్నాడు. ఇసుక మీద బోర్లా పడుకుని, కన్నంలోకి చెయ్యి పెట్టి తడిమాడు. ఒక కోడిగుడ్డు తీశాడు. రెండోది తీశాడు. మూడోది అందలేదు. "ఇంకా లోతుకు పోతే తాబేలు గుడ్లు కదులుతాయి. కదిలితే లోపలి పిల్లలు చస్తాయి. దాన్ని అలాగే వదిలెయ్యాలి" అన్నాడు. తడి ఇసుకను పైపైన దోసిళ్ళతో ఎత్తిపోశాడు. పాలు లోతుకు దిగలేదట, గుడ్లు మోచేతి కిందికి ఉంటాయట. కానీ వాసన ఉంటుంది. చీమలు వస్తాయి, ఉడుములు వస్తాయి, కుక్కలు వస్తాయి.

కేసు భయం ఉంది, లేదనను. కానీ అంతకంటే, అంత దూరం ఈది వచ్చి, మమ్మల్ని నమ్మి పిల్లల్ని ఇక్కడ పెట్టిపోయిన ఆ తల్లికి నేను చేసిన మర్యాద చూసుకుంటే సిగ్గేసింది. పాముకు పాలు పోసినట్టు అంటారు. ఆ పాటి పని కూడా నాకు చేతకాలేదు.

"ఏటంతన్నాడ్రా?" అంది నాయనమ్మ.

"పుట్ట కాదంట నాయనమ్మా. తాబేలు గుడ్లంట."

"తాబేలా!" ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఓరి దేముడా, కూర్మనాథుడు! మా తాత శ్రీకూర్మం పక్క ఊరోడేరా! అక్కడ గుళ్ళో స్వామి తాబేలే." అని గుట్టకు ఒక దండం, ఆఫీసరుకు ఒక దండం పెట్టింది.

"ఏమంటున్నారు?" అన్నాడు రోస్లాన్.

"మా పూర్వీకుల ఊరి దగ్గర తాబేలు దేవుడి గుడి ఉందంటోంది."

"అయితే ఈ నేనెక్‌కు తెలుసన్నమాట. తెలియంది నీకే" అన్నాడు. నేనెక్ అంటే మామ్మ. మామ్మకు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. నాకు శిక్ష చెప్పాడు. "రిపోర్టు రాస్తాను, లేదా నువ్వే కాపలా కాస్తావు. ఇవి పొదిగేదాకా ప్రతి శని, ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడ కూర్చోవాలి. ఉడుము వస్తే తోలాలి. మిగతా రోజులు మా వాళ్ళు చూస్తారు. ఏది కావాలి?"

"కాపలా" అన్నాను. చిన్నాన్న నవ్వు ఆపుకోలేక లుంగీ నోట్లో కుక్కుకున్నాడు.

దాదాపు రెండు నెలలు. ప్రతి శనివారం పడవెక్కి, గొడుగేసుకుని, చేత్తో కర్ర పట్టుకుని ఇరవై ఏడో నంబరు ముందు కూర్చున్నాను. ఉడుముల్ని తోలాను. ఒక ఉడుము నన్ను తోలింది. కోతులు నా అన్నం పొట్లం ఎత్తుకుపోయాయి, ఆ చట్టం వాటినీ కాపాడుతుందట. నన్నే ఏ చట్టమూ కాపాడలేదు. నాయనమ్మ మాత్రం ఒక్క వారం కూడా మానకుండా, "నువ్వొక్కడివీ బెంగెట్టుకుంతావు" అంటూ కుర్చీతో సహా బయల్దేరేది. చెట్టు నీడలో కాళ్ళు చాపుకుని, రోస్లాన్ పోసిన టీ తాగుతూ సముద్రం చూసేది. ఆవిడ చవితి పాడుచేశానన్న బాధతో నేను తలెత్తలేకపోతుంటే, ఆవిడ ఒళ్ళు చేసింది.

చివరికి ఒక ఆదివారం మేం పడవ దిగేసరికి, చినుకులు పడుతుండగా గుట్ట నడిమి ఇసుక కుంగింది. నల్లటి ముక్కు ఒకటి బయటికొచ్చింది. తరవాత ఇంకొకటి, ఇంకొకటి, ఆ తరవాత మరుగుతున్న గిన్నెలోంచి పొంగినట్టు బయటపడ్డాయి. అరచేతిలో పట్టేంత పిల్లలు, చిన్న చిన్న తెడ్లు వేసుకుంటూ వానలో సముద్రం వైపు పరుగు. రోస్లాన్ ఎవర్నీ కదలనివ్వలేదు. ఆఖరుది నీళ్ళలో కలిసేదాకా నాయనమ్మ చేతులు జోడించే ఉంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, వాన మీదికి తోసేశాను.

మూడు రోజులాగి గూడు తవ్వి లెక్క చూడటం వాళ్ళ పద్ధతి. సెలవు పెట్టి వెళ్ళాం. ఈసారి చిన్నాన్నా వచ్చాడు, నా పరువు పోతుంటే చూడకుండా ఉండలేడు కదా. రోస్లాన్ పెంకులు తీసి వరసగా పేర్చాడు. అన్నీ పొదిగినవే. ఒక్కటి కూడా చెడలేదు. "ఇన్నేళ్ళలో ఇంత మంచి గూడు చూడలేదు" అంటూ అడుగుకు చెయ్యి పెట్టి, ఆగిపోయాడు. మెల్లగా గుండ్రంగా కాకుండా కోలగా ఉన్న గుడ్డొకటి పైకి తీశాడు. నాకు అందించాడు. అందుకోగానే అది నా చేతిలో ఢామ్మని పేలింది. ఆ కంపు సంగతి రాయను, మీరు భోజనం చేయబోతూ ఉండొచ్చు.

రోస్లాన్ ముక్కు మూసుకుని రిజిస్టరు తెరిచాడు. "పొదగనివి: ఒకటి. కారణం రాయాలి. ఏం రాయమంటావు?"

"తాబేలు కాదు అని రాయండి" అన్నాను. అంతమంది పాసై, ఒక్కటే రిజెక్ట్. ఆ ఒక్కటీ క్వాలిటీ ఇన్‌స్పెక్టరు సరుకే.

తిరుగుప్రయాణంలో కారు అద్దాలన్నీ దించేశారు, నావల్లే. నేను ఉండబట్టలేక అన్నాను. "నాయనమ్మా, ఇన్నేళ్ళ మొక్కు నావల్ల తప్పిపోయింది. నన్ను చమించు."

"తప్పిపోడమేటి?" అంది. "నాను సవితి సేసినానుగా."

"ఎప్పుడు?"

"ఆ పొద్దునే. మీరు లెగక ముందే. మన సిన్నాడి టైర్ల షాపు ఎనకాల పుట్టుంది, మంచి ఎర్రమట్టి పుట్ట. అరసీసా పాలు పోసి, రెండు గుడ్లేసి, సెవులకి మన్ను రాసుకునే వొచ్చినాను."

చిన్నాన్న బ్రేకు మీద నిలబడ్డాడు. "నా షాపు ఎనకాలా? రోజూ అక్కడే లా నాను సిగరెట్టు కాల్సేది!"

"అవును. నాగరాజు పైకి రాకపోడానికి అదే కారణం అయ్యుంటాది" అంది నాయనమ్మ.

చెప్పుల మట్టి. సగం సీసా. రెండు గుడ్లు. చెవి తమ్మెల ఎరుపు. అన్నీ ఒక్కసారిగా నా నెత్తిన పడ్డాయి. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నయం, నేను సముద్రం దాటి వెతికాను. "మరి నాకు సెప్పలేదేటి?"

"సెప్పబోతే సెయ్యెత్తి ఆపినావు కాదేటి?"

"పోనీ ఆ ఇసక గుట్ట పుట్ట కాదని తెలిసీ ఊరుకున్నావా?"

"పుట్ట కాదని తెలుసు. తాబేళ్ళని నాకేటి తెలుసు, తెలిస్తే ఆ ఉద్ధరిణెడూ పోద్దునా?" అంది. "సముద్రం సూసి ఎన్నేళ్ళయిందో నాకే గురుతు నేదురా. తీసుకెల్తానని నువ్వే అన్నావు. పుట్ట కాదంటే బండి ఎనక్కి తిప్పీవోడివి. నానెందుకంతాను?"

చిన్నాన్న బండి మళ్ళీ ముందుకు పోనిచ్చాడు. నా చేతి కంపూ మాతోనే వచ్చింది. ఆవిడ చవితిని కాపాడాలని నేను రెండు నెలలు ఉడుములతో యుద్ధం చేశాను. ఆవిడకు కావలసింది కారులో ఒక సీటు మాత్రమేనని మా ఇంట్లో ఎవరికీ, నాకూ, తట్టలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

కాబట్టి, ఆ కూర్మనాథుడి సాక్షిగా, టైర్ల షాపు వెనక ఉన్న నాగరాజు సాక్షిగా, నేను చేసిన ప్రమాణమిది. ఏ బోర్డు కనబడినా ముందు దాని మొహం వైపు వెళ్ళి నిలబడతాను. మా ఇంటి పెద్దావిడ నోరు తెరిస్తే నా చెయ్యి ఎత్తను. ఈ జన్మలో ఇంకెవరికీ పుట్ట వెతికిపెట్టను. ఇక నాయనమ్మను సముద్రానికి తీసుకెళ్ళడానికి చవితి దాకా ఆగక్కర్లేదని తెలిసింది, నెలకోసారి వెళ్తున్నాం. గుడ్లు మాత్రం ఉడకబెట్టి తీసుకెళ్తాం.